జ్వాలాముఖి అమ్మవారికి గొడుగు పట్టిందెవరు?

హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా జిల్లాలో జ్వాలాముఖి గుడికి వెళ్లినవాళ్లు రెండు వింతలు చూసి వస్తారు. ఒకటి, గర్భగుడిలో రాతి నెర్రెల్లోంచి నూనె, వత్తి లేకుండా వెలిగే మంటలు. రెండోది ఒక లోహపు గొడుగు. అక్బర్ చక్రవర్తి ఆ మంటల్ని ఆర్పించబోయి చేతకాక, కాళ్లకు చెప్పులు లేకుండా నడిచొచ్చి బంగారు గొడుగు సమర్పించాడని అక్కడి పూజారులు చెబుతారు. ‘ఇంత బంగారం ఇంకెవరిస్తారు’ అని ఆయన మనసులో మిడిసిపడ్డాడట. అంతే, గొడుగు బంగారం కాకుండా పోయి ఏ లోహమో చెప్పలేనట్టుగా మారిపోయిందట. పంజాబు, హర్యానా, ఢిల్లీ వైపు తెల్లవార్లూ జాగరణ చేసి పాడే అమ్మవారి పాటల్లోనూ ఇదే కథ వినిపిస్తుంది.

అక్బర్ పుట్టింది 1542లో. అంతకు వందేళ్లకు పైగా ముందే షమ్స్ సిరాజ్ అఫీఫ్ అనే ఢిల్లీ చరిత్రకారుడు ఈ గొడుగు కథ అబద్ధమని పారసీలో రాసిపెట్టాడు. అప్పటికి కథలో ఉన్న పాదుషా ఫిరోజ్ షా తుగ్లక్. గొడుగు పాతదే, పట్టిన చెయ్యి మాత్రం మారుతూ వచ్చిందన్నమాట. జ్వాలాముఖి గురించిన పురాణగాథలు, సుల్తానుల కాలపు చరిత్రలు, యాత్రికుల రాతలు, ఈ కాలపు పరిశోధనలు, చివరికి చమురు కోసం జరిగిన తవ్వకాలు, అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేదిది: మంట ఎలా పుట్టిందన్న ప్రశ్న మీద జనానికి ఉన్న ఆసక్తి కంటే, ఆ మంట ముందు ఏ రాజు తల వంచాడన్న ప్రశ్న మీదున్న ఆసక్తి ఎక్కువ. గాథలు పెరిగింది ఆ వైపే.

ముందు చోటు సంగతి. హిమాలయం అనగానే మంచు కొండలు ఊహించుకుంటాం గానీ, జ్వాలాముఖి ఉన్నది ఆ పర్వతాలకు తొలిమెట్ల లాంటి కొండల్లో, కాళీధార్ అనే కొండ వాలులో. సముద్రమట్టానికి సుమారు 600 మీటర్లు, మన అరకు కంటే తక్కువ ఎత్తు. మంచుతో మెరిసే ధౌలాధార్ శ్రేణి ఉత్తరాన దూరంగా ఉంటుంది. పఠాన్‌కోట్ నుంచి జోగీందర్ నగర్ దాకా 1929లో వేసిన చిన్న రైలు మార్గంలో రాణీతాల్ దగ్గర ‘జ్వాలాముఖి రోడ్’ స్టేషన్ ఉంది. అక్కడి నుంచి ఊరికి మళ్లీ రోడ్డు ప్రయాణమే.

గుడి లోపల విగ్రహం లేదు. నడుమ ఒక చదరపు గుంట, దాని చుట్టూ తిరగడానికి దారి. ముఖ్యమైన జ్వాల గోడలోని గూట్లో, వెండి తాపడం మధ్య వెలుగుతుంటుంది. మిగతావి గుంటలోనూ గోడల మొదట్లోనూ, కొన్ని జానెడు, కొన్ని వేలెడు. జ్వాలలు తొమ్మిదని, ఒక్కోదానికి ఒక్కో పేరని చెబుతారు: మహాకాళి, అన్నపూర్ణ, చండి, హింగ్లాజ్, వింధ్యవాసిని, మహాలక్ష్మి, సరస్వతి, అంబిక, అంజన. ఏడనే లెక్కా ఉంది, ఇంకా ఎక్కువ చెప్పేవారూ ఉన్నారు. నెర్రెల్లోంచి వచ్చే మంట ఒకచోట తగ్గి ఇంకోచోట పెరుగుతుంటుంది కాబట్టి లెక్క కుదరకపోవడంలో వింత లేదు. నాకు లెక్క కంటే ఆ పేర్లే ఆసక్తిగా అనిపిస్తాయి. అన్నపూర్ణ కాశీ తల్లి. వింధ్యవాసిని మీర్జాపూర్ పక్కన గంగ ఒడ్డున ఉంటుంది. హింగ్లాజ్ మాత గుహ ఇప్పుడు పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్ ఎడారి కొండల్లో ఉంది. అంతంత దూరాలు నడవలేని కొండ జనం ఆ తల్లులందరినీ ఒక్క గదిలోకి పిలుచుకున్నారు.

గొడుగు చేతులు మారిన వైనం

అఫీఫ్ చెప్పినదాన్ని కాస్త నిదానంగా చూడాలి. ఫిరోజ్ షా 1360ల తొలి రోజుల్లో నగర్‌కోట్, అంటే నేటి కాంగ్రా మీదికి దండెత్తాడు. ఆ దారిలోనే జ్వాలాముఖి ఉంది. సుల్తాను పనిగట్టుకుని ఆ దేవతను చూడబోయాడనీ, తలపై బంగారు గొడుగు పట్టాడనీ హిందువులు చెప్పుకుంటున్నారనీ, అది నిందేననీ అఫీఫ్ అంటాడు. సాక్షి ఎవరయ్యా అంటే తన తండ్రి. ఆ దండయాత్రలో ఆయన సుల్తాను వెంటే ఉన్నాడట. అంతటితో ఊరుకోకుండా, మహమ్మద్ బిన్ తుగ్లక్ కూడా ఇదే దేవతకు గొడుగు పట్టాడని చెప్పుకుంటారనీ, అదీ పచ్చి అబద్ధమేననీ ముక్తాయిస్తాడు. మహమ్మద్ బిన్ తుగ్లక్ నగర్‌కోట్ పట్టుకున్నది 1337లో.

ఈ ఖండన మనకు రెండు సంగతులు చెబుతుంది. ఆ రోజులకే ఈ కథ ఢిల్లీ దర్బారు చెవిన పడేంతగా పాకిందన్నది ఒకటి. లేనిదాన్ని ఎవరూ ఇంత ఆవేశంగా కాదనరు. రెండోది, సుల్తాను ఎవరివాడన్న పేచీ. గుడి వైపు జనానికి ఆయన తమ అమ్మవారి ముందు వంగినవాడు కావాలి, దర్బారు చరిత్రకారుడికి వంగనివాడు కావాలి. నిజం ఎటుందో తేల్చే మూడో సాక్షి లేడు. అఫీఫ్ తండ్రి మాట మీద ఆధారపడి కథ అబద్ధమని కొట్టేయడానికీ నాకు మనసొప్పదు, కథ ఉంది కాబట్టి జరిగిందనడానికీ ఒప్పదు.

అదే ఫిరోజ్ షా గురించి చరిత్రకారుడు ఫరిష్తా ఇంకో కథనం చెబుతాడు. సుల్తాను నగర్‌కోట్ విగ్రహాలను పగలగొట్టించాడనే మాటా అందులో ఉంది. దాంతోపాటు జ్వాలాముఖి గుడిలో 1,300 సంస్కృత గ్రంథాలు దొరికాయనీ, సుల్తాను పండితులను పిలిపించి వాటిలో కొన్నిటిని పారసీలోకి చేయించాడనీ ఉంది. అలా వచ్చిన ఒక పుస్తకం పేరు ‘దలాయిల్ ఎ ఫిరోజ్‌షాహీ’. రెండు శతాబ్దాల తర్వాత లాహోర్‌లో అక్బర్ కొలువులోని బదాయూనీ ఆ పుస్తకాన్ని తాను చదివానని రాసుకున్నాడు. 1,300 అన్న అంకె సంగతి ఎలా ఉన్నా, పుస్తకం ఉండేదనడానికి మాత్రం చదివిన మనిషే సాక్షి. కొండల్లోని ఒక గుడిలో అంత పెద్ద గ్రంథాలయం ఉండేదన్న మాట నిజమైతే, జ్వాలాముఖి గాథలన్నిటిలోకీ గొప్ప విశేషం అదే. దాని మీద ఒక్క పాటా పుట్టలేదు.

ఇక అక్బర్. 1572-73 ప్రాంతంలో ఆయన సేనాని హుస్సేన్ కులీ ఖాన్ నగర్‌కోట్‌ను ముట్టడించాడు. ఆ ప్రాంతాన్ని చక్రవర్తి బీర్బల్‌కు జాగీరుగా ఇచ్చాడన్నది ఆ దాడికి మూలం. అటు ఇబ్రహీం హుస్సేన్ మీర్జా తిరుగుబాటు చేసి పంజాబు మీదికి రావడంతో ముట్టడి మధ్యలోనే సంధితో ముగిసింది. ఈ దాడి గురించి బదాయూనీ రాసిన భాగంలో ఒక గొడుగు కనిపిస్తుంది. నగర్‌కోట్ అమ్మవారి గుడి శిఖరం మీదున్న బంగారు గొడుగును మొగలు సైనికులు బాణాలతో తూట్లు పొడిచారు. గుడి ఆవరణలోని నల్లని ఆవులను చంపారు. తన పేరు మీద జరిగిన ఈ పనికి బీర్బల్ జనం నోట పడ్డాడనీ ఆయన రాశాడు.

కాబట్టి అక్బర్ కాలానికి, కాంగ్రా అమ్మవారికి, బంగారు గొడుగుకు సంబంధం ఉన్న మాట నిజమే. పాటలో వినపడే సంబంధానికి అది సరిగ్గా తలకిందులు. సైనికులు తూట్లు పొడిచిన గొడుగు జనం నోళ్లలో చక్రవర్తి చేతుల మీదుగా తిరిగొచ్చిందా? తుగ్లకుల నాటి కథే కొత్త పాదుషా పేరు తొడుక్కుందా? రెండూ కలిశాయని నా అనుమానం. అనుమానం కంటే ఎక్కువ చెప్పే ఆధారం లేదు.

అక్బర్ స్వయంగా జ్వాలాముఖి వచ్చి మొక్కాడా అన్నదానికి ఆయన ఆంతరంగికుడు అబుల్ ఫజల్ రాసిన ‘ఐనీ అక్బరీ’ చూడాలి. నగర్‌కోట్ దగ్గర నేలలోంచి దీపాల్లా మంటలు వస్తాయనీ, జనం యాత్రలు చేసి వాటిలో కానుకలు వేస్తారనీ, పామరులు దాన్ని మహిమ అనుకుంటారు గానీ అది గంధకపు గని అనీ ఆయన తేల్చేశాడు. చక్రవర్తి చెప్పుల్లేకుండా నడిచి వెళ్లిన చోటు గురించి కొలువులోని మనిషి ఇంత తేలిగ్గా రాస్తాడా? రాయడనే అనుకుంటాను. అక్బర్ కొడుకు జహంగీర్ మాత్రం ఆ ప్రాంతానికి నిజంగానే వచ్చాడు. కాంగ్రా కోట 1620లో మొగలుల చేజిక్కింది, 1622లో ఆయన చూడవచ్చాడు. తన జ్ఞాపకాల్లో ఆయన కూడా గంధకం మాటే రాశాడు. వచ్చిన కొడుకును వదిలేసి, రాని తండ్రిని కథ పట్టుకోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. హిందువుల పట్ల ఆదరం చూపినవాడని పేరున్న పాదుషా అక్బరే. 1563లో తీర్థయాత్రల మీద పన్ను తీసేసినవాడూ ఆయనే. జ్వాలాముఖికి నడిచొచ్చే బీద యాత్రికుడికి గొడుగు కంటే అదే పెద్ద కానుక. ఆ సంగతి పాటల్లో లేదు.

ధ్యానూ తల, శ్రీశైలం తలలు

అక్బర్ కథకు నాయకుడు అక్బర్ కాదు, ధ్యానూ భక్తుడు. గుడి దగ్గర దుకాణాల్లో అమ్మే చిన్న పుస్తకాల్లో కథ ఇలా సాగుతుంది. నాదౌన్ ఊరివాడైన ధ్యానూ వెయ్యి మంది యాత్రికులను వెంటబెట్టుకుని జ్వాలాముఖికి బయల్దేరాడు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో సిపాయిలు ఆపి పాదుషా ముందుకు తీసుకెళ్లారు. మీ అమ్మవారికి అంత శక్తి ఉంటే చూపించమని పాదుషా ధ్యానూ గుర్రం తల నరికించాడు. నెల గడువులో అమ్మవారు అతికిస్తుందని మాట ఇచ్చి ధ్యానూ గుడికి వెళ్లాడు, ఎంత వేడినా పలుకు లేకపోతే తన తల తానే కోసుకోబోయాడు. అప్పుడు తల్లి ప్రత్యక్షమైంది. కొన్ని కథనాల్లో తల తెగి పడిపోయాకే ప్రత్యక్షమై బతికించింది. గుర్రమూ లేచింది. ఇకపై తలకు బదులు కొబ్బరికాయ చాలని తల్లి చెప్పింది.

చరిత్ర పాఠం తెలిసిన పిల్లాడైనా ఇక్కడ ఆగుతాడు. చాందినీ చౌక్ షాజహాన్ కట్టించిన కొత్త ఢిల్లీలోది, అక్బర్ పోయిన 40 ఏళ్ల తర్వాతి సంగతి. అక్బర్ కొలువు ఉన్నది ఆగ్రా, ఫతేపూర్ సిక్రీ, లాహోర్‌లలో. పైగా నాదౌన్ బియాస్ ఒడ్డున, జ్వాలాముఖికి దగ్గర్లోనే ఉన్న ఊరు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి గుడి చేరే మనిషి ఢిల్లీలో సిపాయిల చేతికి ఎలా చిక్కాడో! ఈ పుస్తకాలు రాసినవాళ్లకు ఆ లెక్కలతో పని లేదు. కొండ ఊరి పేదవాడు, దేశానికి రాజు, ఇద్దరూ ఒకచోట ఎదురుపడాలి, అంతే.

కాంగ్రా అమ్మవార్ల మీద వచ్చిన పుస్తకాల్లో క్యాథలీన్ ఎర్న్‌డల్ 1993లో వెలువరించిన ‘విక్టరీ టు ది మదర్’ తప్పక చూడవలసింది. నైనాదేవి, చింతపూర్ణి, జ్వాలాముఖి, వజ్రేశ్వరి, చాముండ, మానసాదేవి, వైష్ణోదేవి, ఈ అక్కచెల్లెళ్ల గుళ్లలో ఆమె తిరిగి కథలు సేకరించారు. ధ్యానూ కథ జ్వాలాముఖికే కట్టుబడి లేదని, కాంగ్రా వజ్రేశ్వరి దగ్గరా చెబుతారని ఇలాంటి పరిశీలనల వల్లే తెలుస్తుంది. కథ చేసే అసలు పని కొబ్బరికాయ దగ్గర ఉంది. తలలు ఇచ్చుకునే మొక్కు ఒకప్పుడు ఉండేదని ఒప్పుకుంటూ, దాన్ని ఆపింది రాజు కాదు, మేము కాదు, అమ్మవారే అని అది చెబుతుంది.

ఆ మొక్కు కల్పన కాదనడానికి అబుల్ ఫజల్ సాక్ష్యం ఉంది. నగర్‌కోట్ మహామాయ గుడిలో భక్తులు నాలుకలు కోసి ఇస్తారనీ, కొందరికి అక్కడికక్కడే, మరికొందరికి ఒకటి రెండు రోజుల్లో మళ్లీ మొలుస్తాయని చెబుతారనీ ఆయన రాశాడు. మనకిది మరీ వింతగా తోచక్కర్లేదు. శ్రీశైలంలో అనవేమారెడ్డి 1370లలో కట్టించిన వీరశిరోమండపం శాసనం భక్తులు అక్కడ తలలు, నాలుకలు కోసి సమర్పించేవారని చెబుతుంది.  దేశానికి ఈ కొసనా ఆ కొసనా కొండ గుళ్లలో ఒకే మొక్కు. శ్రీశైలంలో దాన్ని ఒక రెడ్డిరాజు మండపం కట్టి గౌరవించాడు, కాంగ్రాలో అమ్మవారు కొబ్బరికాయతో సరిపెట్టింది. ఈ రెండు గుళ్లనూ కలిపి చూసే అధ్యయనం తెలుగులో రావాలి.

నాలుక ఎప్పుడు పడింది?

శక్తిపీఠాల లెక్కలో జ్వాలాముఖి సతీదేవి నాలుక పడిన చోటు. దక్షయజ్ఞం కథ మనకు కొత్త కాదు, ఆ యజ్ఞం మన ద్రాక్షారామంలోనే జరిగిందని గోదావరి వాళ్లు చెప్పుకుంటారు కూడా. అయితే ఏ అంగం ఎక్కడ పడిందన్న పట్టికలు ఒక్కనాడు పుట్టినవి కావు. డి.సి. సర్కార్ 1948లో అచ్చువేసిన ‘ది శాక్త పీఠాస్’ ఈ విషయంలో ఇప్పటికీ మొదట తెరవాల్సిన పుస్తకం. పాత తంత్రాల్లో పీఠాలు నాలుగే: ఓడ్డియానం, జాలంధరం, పూర్ణగిరి, కామరూపం. పద్దెనిమిది, నలభై రెండు, యాభై ఒకటి, నూట ఎనిమిది అన్నవి తర్వాత తర్వాత పెరిగిన లెక్కలు. జ్వాలాముఖిలో నాలుక పడిందనీ, అక్కడి దేవి సిద్ధిద అనీ, భైరవుడు ఉన్మత్తుడనీ చెప్పే ‘పీఠనిర్ణయం’ మధ్యయుగాల చివరిదని సర్కార్ తేల్చారు. అబుల్ ఫజల్ కూడా సతి శరీరం నాలుగు చోట్లే పడిందని విన్నాడు: కశ్మీరు కొండలు, బీజాపూర్ వైపు తుల్జాభవాని, కామరూపం, జాలంధరం. అంటే 16వ శతాబ్దం చివర్లోనూ నాలుగు పీఠాల మాట చెల్లుబాటులోనే ఉంది.

జాలంధరం అంటే స్థూలంగా ఈ కాంగ్రా సీమే. దానికి సతితో సంబంధం లేని ఇంకో పాత కథ ఉంది. జలంధరుడనే రాక్షసుణ్ణి శివుడు కొండల కింద తొక్కిపెట్టాడు. వాడి వీపు జలంధర్ నేలల కింద, పాదాలు ముల్తాన్‌లో, నోరు జ్వాలాముఖిలో. ఆ నోట్లోంచి వచ్చేదే ఈ మంట. పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ 19వ శతాబ్దంలో దీన్ని నమోదు చేశాడు. భూమి కింద ఏదో ఉంది, దాని ఊపిరి బయటికొస్తోంది అన్న ఊహ ఇందులో ఉంది కాబట్టి గాథలన్నిటిలోకీ ఇదే వాస్తవానికి దగ్గరగా అనిపిస్తుంది నాకు. కాకపోతే రాక్షసుడి నోటికి దండం పెట్టడం ఎవరికి ఇష్టం? నోరు రాక్షసుడిది కాకుండా పోయి, నాలుక అమ్మవారిదైంది. అగ్నికి ఏడు నాలుకలని ముండకోపనిషత్తు చెబుతుంది, వాటిలో మొదటి రెండు కాళీ, కరాళీ. మంట, నాలుక, కాళి, ఈ మూడూ వేదకాలం నుంచీ ఒకచోట ఉన్నాయి. సతి కథ వచ్చేసరికి జాగా సిద్ధంగానే ఉంది.

ఇక్కడ తెలుగువాళ్ల చిక్కు ఒకటుంది. మన ఇళ్లలో చదివే అష్టాదశ శక్తిపీఠాల స్తోత్రంలో నాలుగు పీఠాలు మనవే: శ్రీశైలం, అలంపురం, పిఠాపురం, ద్రాక్షారామం. అదే స్తోత్రం జ్వాలలో ఉన్న దేవిని వైష్ణవి అంటుంది. క్షేత్రం పేరు చూసినవాళ్లు జ్వాలాముఖికి వెళ్తారు, దేవి పేరు చూసినవాళ్లు కట్రా దగ్గర త్రికూట పర్వతం మీది వైష్ణోదేవికి వెళ్తారు. పద్దెనిమిదీ పూర్తి చేయాలని పట్టుబట్టిన పెద్దవాళ్ల మధ్య దీని మీద వాదులాట వినని యాత్రా బస్సు ఉండదు. స్తోత్రం చెప్పేది చోటు కాబట్టి జ్వాలాముఖి వాదమే బలమైందని నా అభిప్రాయం. జ్వాలాముఖి అమ్మవారిని వైష్ణవి అనే పేరు అక్కడి వాడుకలో లేకపోవడం ఎదుటివాళ్ల బలం. ఇంకో ముచ్చట: తెలుగు సాహిత్యం చదివేవాళ్లకు జ్వాలాముఖి అనగానే ముందు గుర్తొచ్చేది ఈ గుడి కాదు, 1965లో దిగంబర కవుల్లో ఒకరుగా వచ్చిన కవి.

గుడి ఎవరు కట్టారన్నదాని మీద కథలు మామూలు దారిలోనే నడుస్తాయి. ఆవు పాలు కొండ మీద ఎవరో దివ్యబాలిక తాగిపోతోందని పశువుల కాపరి చెబితే భూమిచంద్ రాజు వెతికి మంటను చూశాడట. తిరుమల పుట్ట కథ తెలిసిన మనకు వేరే వివరం అక్కర్లేదు. పాండవులు కట్టారని మరో మాట. హిమాచల్‌లో పాండవులు కట్టని గుడి అరుదు.

గుడికి కాస్త పైన ఉన్న గోరఖ్ డిబ్బీ దగ్గర మాత్రం ఆగాలి. చిన్న కుండం, అందులో నీళ్లు కుతకుత ఉడుకుతున్నట్టు పైకి పొంగుతుంటాయి. చెయ్యి పెడితే చల్లగా ఉంటాయి. అక్కడి నాథ యోగి వెలిగించిన ధూపం కడ్డీని నీటిపైకి తెస్తే భగ్గుమని ఒక పెద్ద మంట లేచి చప్పున ఆరిపోతుంది. కథ ఏమిటంటే, అమ్మవారు నాథ యోగుల గురువు గోరఖ్‌నాథుణ్ణి భోజనానికి పిలిచింది. నేను బిచ్చమెత్తి తెచ్చిన బియ్యం, పప్పుతో కిచిడీయే తింటాను, నువ్వు ఎసరు పెట్టు అని ఆయన జోలె పట్టుకుని వెళ్లాడు. వెళ్లినవాడు గోరఖ్‌పూర్‌లో తపస్సుకు కూర్చుండిపోయాడు. జోలె నిండలేదు, ఎసరు ఇంకా కాగుతూనే ఉంది. గోరఖ్‌పూర్ మఠంలో ఏటా సంక్రాంతికి జనం బియ్యం, పప్పు తెచ్చి పోసే కిచిడీ మేళా జరుగుతుంది, అక్కడా ఇదే కథ చెబుతారు. మొత్తం జ్వాలాముఖి గాథల్లో నాకు నచ్చింది ఇదే. ఇందులో ఎవరూ ఎవరినీ గెలవరు. అమ్మవారు వంటింటి పొయ్యి దగ్గర ఎదురుచూస్తుంటుంది, పిలిచిన అతిథి రాడు. శాక్తుల గుడి పక్కన నాథులు చోటు ఎలా సంపాదించుకున్నారో, ఇద్దరూ పొత్తు ఎలా కుదుర్చుకున్నారో కథ ఇంత లలితంగా చెప్పింది.

కంటికి కనిపించే బంగారం

అసలైన బంగారం ఇచ్చిన రాజు వేరే ఉన్నాడు. గుడి శిఖరానికి బంగారు పూత పెట్టించింది పంజాబు సిక్కు మహారాజు రంజిత్ సింగ్. వెండి తలుపులు ఆయన కొడుకు ఖడక్ సింగ్ ఇచ్చినవి. 1809లో గూర్ఖాల ముట్టడిలో చిక్కిన కాంగ్రా రాజు సంసార్‌చంద్ రంజిత్ సింగ్ సాయం కోరాడు. ఇద్దరి మధ్య ఒప్పందం జ్వాలాముఖిలోనే కుదిరింది, ప్రతిఫలంగా కాంగ్రా కోట రంజిత్ సింగ్ చేతికి పోయింది. అమ్మవారి జ్వాల ఎదుట చేసుకున్న ఒప్పందం కాబట్టి మాట తప్పరాదని ఇద్దరూ అనుకుని ఉండవచ్చు. పేరు, కారణం, కాలం అన్నీ తెలిసిన ఈ కానుక చుట్టూ గాథ అల్లుకోలేదు. ఇచ్చిన రాజు తమవాడే అనుకుంటే జనానికి అందులో కథేముంటుంది?

పడమటి దేశాల నుంచి వచ్చినవాళ్లలో ముందు చెప్పాల్సింది టామస్ కోర్యాట్‌ను. ఇంగ్లండ్ నుంచి చాలామటుకు కాలినడకన జహంగీర్ కాలంలో ఇక్కడికి చేరిన ఈ విచిత్రమైన మనిషి నగర్‌కోట్, జ్వాలాముఖి రెండూ చూశాడు. చల్లని ఊటల్లోంచి, గట్టి రాళ్లలోంచి నిత్యం మంటలు లేస్తాయన్న ఆయన మాటను తోటి ఆంగ్లేయుడు ఎడ్వర్డ్ టెరీ తన పుస్తకంలో భద్రపరిచాడు. కోర్యాట్ 1617లో సూరత్‌లో చనిపోయాడు.

గంధకం వాదన అబుల్ ఫజల్‌తో మొదలై చాలా కాలం చెల్లింది. హేతువాదం వైపు మొగ్గినంత మాత్రాన సరైన జవాబు దొరికినట్టు కాదనడానికి ఇదొక ఉదాహరణ. అంత గంధకం మండితే ఆ ఘాటుకు గర్భగుడిలో ఐదు నిమిషాలు నిలబడలేం. అగ్నిపర్వతం అన్న మాటా తప్పే, హిందీలో అగ్నిపర్వతాన్ని జ్వాలాముఖి అనడం వల్ల వచ్చిన పొరపాటు. అక్కడ లావా లేదు. వచ్చేది సహజవాయువు, ముఖ్యంగా మీథేన్. భారత భూఫలకం ఆసియాను నెట్టుకుంటూ పోతుంటే ఈ కొండల్లో రాతి పొరలు విరిగి ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. అలాంటి ఒక పెద్ద విరుగుకు భూగర్భ శాస్త్రజ్ఞులు జ్వాలాముఖి పేరే పెట్టారు. లోతున పుట్టిన వాయువు ఆ పగుళ్ల వెంట పైకి పాకి వచ్చి, గుడిలో మంటగానూ గోరఖ్ డిబ్బీ నీళ్లలో బుడగలుగానూ కనిపిస్తోంది. 1905 ఏప్రిల్ 4న కాంగ్రా లోయను నేలమట్టం చేసి సుమారు 20,000 మందిని బలిగొన్న భూకంపానికీ భూఫలకాల ఒత్తిడే కారణం. అప్పుడు కాంగ్రా వజ్రేశ్వరి గుడి కూలిపోయింది, ఇప్పుడున్నది మళ్లీ కట్టింది.

1956లో ఓఎన్‌జీసీ ఏర్పడగానే చమురు వేటకు ఎంచుకున్న తొలి చోట్లలో జ్వాలాముఖి ఒకటి. 1957లో రుమేనియా రిగ్గుతో అక్కడ బావి తవ్వడం మొదలుపెట్టారు. నేలలోంచి తన్నుకొచ్చే వాయువు మండితే ఎలా ఉంటుందో కోనసీమ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. జ్వాలాముఖిలో అంత ఒత్తిడి లేదు, అంత నిల్వా లేదు.

జ్వాలాముఖికి వేల కిలోమీటర్ల అవతల ఒక చెల్లెలు ఉండేది. అజర్‌బైజాన్‌లో బాకూ నగరం పక్కన సురాఖానీలో నేలలోంచి వచ్చే ఇలాంటి మంట చుట్టూ ముల్తాన్, పంజాబు వైపు నుంచి వెళ్లిన వ్యాపారులు, సాధువులు 17, 18 శతాబ్దాల్లో గుడి కట్టుకున్నారు. దేవనాగరి, గురుముఖి లిపుల్లో ఉన్న అక్కడి శాసనాల్లో వినాయకుడి పేరుతోపాటు జ్వాలాజీ పేరూ ఉంది. తర్వాత ఆ సీమంతా చమురు బావులతో నిండిపోయింది. అడుగున ఉన్న వాయువును తోడేసేసరికి 1969లో ఆ మంట ఆరిపోయింది. ఇప్పుడు పర్యాటకుల కోసం గొట్టం ద్వారా గ్యాసు తెచ్చి వెలిగిస్తున్నారు. కాంగ్రాలో అలా జరగలేదు. 1957లో మొదలైన తవ్వకాల్లో గ్యాసు తగిలింది గానీ, అమ్ముకునేంత దొరకలేదు.